తువ్వాలు పట్టేదెవరు

సెనోబియా బీరువాలో ఒక తెల్ల తువ్వాలు ఉంది. అంచు పొడవునా నీలం దారంతో ద్రాక్షతీగ కుట్టి ఉంటుంది. కూతురు మరిసేలా పరికిణీ వయసులో ఉండగా కుట్టడం మొదలుపెట్టి, ఆ ఏడాది వానలు వెలిసేలోపు పూర్తిచేసి, కలరా ఉండలు వేసి దాచింది. ఇప్పుడు మరిసేలాకు ఇరవై ఏడేళ్లు. ఈ పన్నెండేళ్లలో ఆ తువ్వాలును ఎన్నిసార్లు ఉతికి, ఎండేసి, మళ్లీ మడత పెట్టిందో ఆమెకే లెక్క లేదు. తల తుడుచుకుందామని దాని మీద చెయ్యి వేసిన మొగుడికి ఒకసారి చేతి మీద దెబ్బ కూడా పడింది. పాపం, ఆయన పోయాడు. తువ్వాలు ఉంది.

మా సంఘంలో పద్ధతి అలాంటిది మరి. నదిలో బాప్తిస్మం తీసుకుని పైకి వచ్చిన మనిషికి ఒడ్డున తువ్వాలు కప్పేది పాస్టరుగారు కాదు, కన్నవాళ్లూ కాదు. ఆ మనిషిని వాక్యంలో పెంచినవాళ్లు. పక్కన కూర్చోబెట్టుకుని చదివించి, ప్రార్థన నేర్పి, తప్పు చేస్తే మందలించి, ఏడిస్తే ఓదార్చినవాళ్లు. వాళ్లు తువ్వాలు కప్పి, అందరికీ వినపడేలా ఒక వాక్యం చెబుతారు. ఇక ఆ వాక్యం జన్మంతా ఆ మనిషిదే. రేపు సమాధి మీద రాసేదీ అదే. అందుకే ఈ మొరసాన్ కొండల్లో మావాళ్లు కలిస్తే "నీకు బాప్తిస్మం ఇచ్చిందెవరు?" అని అడగరు. "తువ్వాలు పట్టిందెవరు?" అని అడుగుతారు.

సెనోబియా పట్టిన తువ్వాళ్లు తక్కువేం కాదు. స్త్రీల కూటంలో సగంమందిని అడిగితే ఆమె పేరే చెబుతారు. ఆమె ప్రార్థనకు లేచిందంటే పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేవారు, భక్తితోనో భయంతోనో చెప్పలేం. అంతమందిని పెంచిన మనిషి కన్నకూతురు మాత్రం మందిరం గడప తొక్కేది కాదు. ఆదివారం వస్తే చాలు, తలనొప్పి అని ముసుగు తన్నేది. సెనోబియా ఎన్ని ఉపవాసాలు ఉందో, బీరువా తలుపు తెరిచి ఆ తువ్వాలు ముందు ఎంత ఏడ్చిందో దేవుడికే తెలియాలి.

అలాంటిది, ఈ ఏడు వానాకాలంలో మరిసేలా తలనొప్పి మానేసింది. వెనక వరసలో వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం పాస్టర్ అబ్దియాస్ గారు బాప్తిస్మానికి సిద్ధపడుతున్నవాళ్ల పేర్లు చెబుతూ మరిసేలా పేరు కూడా చెప్పారు.

"దేవునికి స్తోత్రం!" అని సెనోబియా అరిచిన అరుపుకు రేకుల కప్పు మీది పావురాలు లేచిపోయాయి.

ఆ సంతోషం ఎంతసేపు ఉందనుకున్నారు? మందిరం మెట్లు దిగేదాకా. మెట్ల దగ్గర తొమాసా నిలబడి ఉంది. ఊళ్లో ఏ ఇంట్లో ఏ గిన్నె మాడినా ముందు వాసన పట్టేది తొమాసాయే.

"ఇన్నాళ్లకు నీ మొర ఆలకించాడు వదినా దేవుడు. కాకపోతే ఆ ద్రాక్షతీగల తువ్వాలు మాత్రం ఇక ఉడికిన తమాలేల గంప మీద కప్పుకో."

"అదేం మాట?"

"అయ్యో, నీకు చెప్పలేదా? మరిసేలాకు తువ్వాలు పట్టేది యనీరా అంట కదా. పాస్టరమ్మే చెప్పింది. నేనింకా నీకు ముందే తెలుసనుకున్నాను సుమా."

సెనోబియా నవ్వింది. పళ్లు కనపడేలా నవ్వింది. "తెలుసులే" అంది. ఇంటికి వెళ్లే దారంతా ఆ నవ్వు ముఖం మీద అలాగే అతికించుకుని నడిచింది. తలుపు వేసుకున్నాక గాని ఊడలేదు.

యనీరా! మిల్లు సందులో మొక్కజొన్న రొట్టెలు కాల్చి అమ్ముకునే యనీరా! మొగుడు వదిలేసి పోతే ఇద్దరు పిల్లలను వెంటేసుకుని, నోట్లోంచి సారా వాసన కొడుతూ, వానలో తడుస్తూ సెనోబియా గుమ్మంలోకి వచ్చి పడిన యనీరా! దానికి అన్నం పెట్టిందెవరు? తాగుడు మాన్పించిందెవరు? వేలు పట్టి అక్షరాలు దిద్దించి, మొదటి కీర్తన కూడబలికించి చదివించిందెవరు? నది ఒడ్డున దానికి తువ్వాలు పట్టిందెవరు? సెనోబియాయే. ఆ యనీరా ఇప్పుడు తన కూతురికి తువ్వాలు పడుతుందట.

అప్పుడు వెలిగింది ఆమెకు. మరిసేలా ప్రతి గురువారం సాయంత్రం రొట్టెలు తెస్తానని వెళ్లేది. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేది. రొట్టెలు చల్లారిపోయి చెప్పుల అట్టల్లా ఉండేవి. "సందు చివర నుంచి తేవడానికి ఇంతసేపా?" అని తను కసిరేది. తను చల్లటి రొట్టెల గురించి కసురుకుంటుంటే, అక్కడ పెనం పక్కన కూర్చుని బైబిలు చదువుతోందన్నమాట తన కూతురు.

మరిసేలా ఇంటికి రాగానే సెనోబియా నడవలోనే ఆపింది.

"నాకెప్పుడు చెబుదామనుకున్నావే? నది ఒడ్డునా?"

"ఈ వారం చెబుదామనే అనుకున్నానమ్మా. భయమేసింది."

"భయమా? కన్నతల్లి దగ్గర భయం, ఆ యనీరా దగ్గర మురిపెమూనా? దానికి అక్షరం ముక్క నేర్పింది నేను!"

"తెలుసమ్మా. యనీరా ఎప్పుడూ చెబుతుంది. నీ పేరు తలుచుకోకుండా ఒక్క పాఠం మొదలెట్టదు."

ఆ మాటకు మనసు చల్లబడాలి. ఇంకా మండింది. తనను మెచ్చుకోవడానికి ఆ యనీరా ఎవరు?

"అలాంటప్పుడు నా దగ్గరే కూర్చోవచ్చు కదే? ఇంట్లో బావి పెట్టుకుని వీధి కుళాయికి పోతావా?"

మరిసేలా చేతిసంచి కింద పెట్టింది. ఆ పిల్ల గొంతు పెంచదు, అదే సెనోబియాకు మరీ కష్టం.

"నీ దగ్గరా? నేను పరీక్ష తప్పితే ఒక వాక్యం. పెదాలకు రంగు వేసుకుంటే ఒక వాక్యం. అటోల్ జావ అడుగంటితే దానికీ ఒక వాక్యం. చిన్నప్పుడు బైబిలు చూస్తే నాకు చీపురుకట్ట గుర్తొచ్చేదమ్మా. రెండూ నా మీదికే వచ్చేవి. యనీరా అలా కాదు. రొట్టె తిరగేస్తూ 'ఈ మాట నాకూ అర్థం కాలేదు మరిసేలా, ఇద్దరం కలిసి అడుగుదాం పట్టు' అంటుంది. నువ్వు ఇన్నేళ్లలో ఒక్కసారన్నా నాకు తెలియదు అన్నావా?"

సెనోబియా నోరు తెరిచింది. నాలుక మీదికి టక్కున వచ్చింది ఒక వాక్యమే. తల్లిదండ్రులను సన్మానించడం గురించి. మరిసేలా తల్లి ముఖం చూసి, నిట్టూర్చి లోపలికి వెళ్లిపోయింది.

అది మొదలు సెనోబియా కంటికి యనీరా ఏం చేసినా తప్పే. కూటంలో పాట ఎత్తుకుంటే గొంతు ప్రదర్శన. మౌనంగా కూర్చుంటే పొగరు. ముసలి విశ్వాసులకు కుర్చీ జరిపితే, చూశారా నా వినయం అని చూపించుకోవడం. శనివారం మందిరం ఖర్చుల కోసం ఆడవాళ్లంతా మొక్కజొన్న పిండిని అరిటాకుల్లో చుట్టి తమాలేలు కడుతుంటే సెనోబియా ఆ ఆకులను ఎంత బిగించి కట్టిందంటే, ఉడుకుతుండగానే సగం పగిలిపోయి కుండంతా పిండి అయింది.

"ఎవరి మెడకు ఉరి బిగిస్తున్నావు వదినా?" అంది తొమాసా.

అందరూ నవ్వారు. యనీరా కూడా నవ్వింది. నవ్వి, మాట్లాడకుండా వచ్చి పగిలిన వాటిని ఏరి పక్కన పెట్టి కొత్త ఆకులు తుడిచి ఇచ్చింది. "ఇలా ఇవ్వక్కా, వేళ్లు కాలతాయి" అంది. ఆ ప్రేమకు సెనోబియాకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం పాస్టరమ్మ నొయేమీ గారి వంటింట్లోకి వెళ్లి, బీన్స్ ఏరుతూ, ఏమీ ఎరగనట్టు అడిగింది.

"పాస్టరమ్మా, ఊరికే అడుగుతున్నా. తువ్వాలు పట్టాల్సిన మనిషి శిక్షలో ఉందనుకోండి. వెనక బెంచీ శిక్ష. అప్పుడెవరు పడతారు?"

"ఆ మనిషికి నేర్పిన పెద్దావిడ పడుతుంది. ఎందుకు సెనోబియా?"

"ఊరికే."

యనీరాకు నేర్పిన పెద్దావిడ ఎవరో చెప్పాలా?

వెనక బెంచీ అంటే మా దగ్గర చిన్న మాట కాదు. బాప్తిస్మం పొందినవాళ్లు మళ్లీ తాగినా, వేరే తప్పుల్లో దొరికినా కొన్ని నెలలు వెనక బెంచీలో కూర్చోవాలి. పాట ఎత్తకూడదు, ప్రభువు బల్ల ముట్టకూడదు, ఏ పరిచర్యా చేయకూడదు. యనీరాను ఆ బెంచీ ఎక్కించే మాట ఒకటి సెనోబియా దగ్గర ఉంది. బాప్తిస్మం తీసుకున్న తర్వాత, యనీరా తమ్ముడి శవం ఊరికి వచ్చిన రోజు, మిట్టమధ్యాహ్నం, అది మిల్లు వెనక తాగి పడిపోయింది. చూసింది సెనోబియా ఒక్కతే. తన పైటబట్ట కప్పి, దొడ్డిదారిన ఇంటికి నడిపించి, స్నానం చేయించి, నల్ల కాఫీ తాగించింది. యనీరా ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చింది. "నాకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదులే. ఇక లే" అంది సెనోబియా ఆ రోజు. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. మళ్లీ యనీరా చుక్క ముట్టలేదు.

ఇప్పుడు ఆ మాటే నాలుక చివర దురద పెడుతోంది.

ఇచ్చిన మాట తప్పి చాడీలు చెబితే పాపం. కానీ మా సంఘంలో ఎవరి గుట్టయినా బయటపెట్టడానికి ఒక పవిత్రమైన దారి ఉంది. కళ్లు తుడుచుకుంటూ లేచి నిలబడి, "ఫలానా చెల్లెలి కోసం నా గుండె భారంగా ఉంది, ప్రార్థించండి" అని మొదలుపెట్టాలి. అంతే. మిగతాదంతా ప్రార్థన మనవి కింద జమ. ఎవరూ వేలెత్తి చూపలేరు. బాప్తిస్మానికి ముందు బుధవారం స్త్రీల ఉపవాస ప్రార్థన. ఆ రోజు చెప్పేద్దామని సెనోబియా నిశ్చయించుకుంది.

బుధవారం పొద్దున్నుంచి వాన. బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్లు కూడా వచ్చారు, మరిసేలా కూడా. యనీరా కిటికీ పక్కన కూర్చుంది. మా ప్రార్థన ఎలా ఉంటుందంటే, అందరూ వెనక్కి తిరిగి మోకరించి, ముఖం బెంచీ మీద ఆనించి, ఎవరి ప్రార్థన వాళ్లు పెద్దగా చేసుకుంటారు. ఒకేసారి, అందరూ. ఆ హోరులో పక్కదాని మాట మనకు వినపడదు, మన మాట పక్కదానికి వినపడదు. అందుకే అక్కడ ఎవరూ దేవుడి దగ్గర నాజూకులు పోరు. ఇక చాలనుకున్నప్పుడు పాస్టరమ్మ ఇత్తడి గంట మోగిస్తుంది. అందరూ టక్కున ఆపేస్తారు. ఆ తర్వాతే ప్రార్థన మనవులు.

సెనోబియా ముఖం బెంచీలో దూర్చి, తల మీద ముసుగు చెవుల మీదికి లాక్కుని మొదలుపెట్టింది. ముందు లోకం కోసం, దేశం కోసం, పాస్టరుగారి మోకాళ్ల కోసం ప్రార్థించింది. తర్వాత ఎప్పుడు గట్టు తెగిందో ఆమెకే తెలియదు. పైన రేకుల మీద వాన, చుట్టూ ఏడుపులు, స్తోత్రాలు. ఆమె కూడా గొంతెత్తింది. గంట మోగింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. ఒక్కొక్క గొంతే ఆగిపోయింది. వాన కూడా, ఏం పగ పట్టిందో, సరిగ్గా అప్పుడే తెరిపిచ్చింది.

"...నీ దగ్గర దాచడానికి ఏముంది ప్రభువా! ఇది పరిశుద్ధత కోసం కాదు. నాకు కుళ్లు! కుళ్లి చచ్చిపోతున్నాను! యనీరా పాడితే మండుతోంది, ప్రార్థిస్తే మండుతోంది, నాకు అరిటాకు తుడిచి ఇచ్చినా మండుతోంది! నేను పన్నెండేళ్లు ఉపవాసాలుండి నా బిడ్డను అడిగితే, తీసుకెళ్లి దాని చేతిలో పెడతావా? ఇదేం న్యాయం? ఇంకాసేపట్లో లేచి, తమ్ముడు పోయిన రోజు అది తాగి పడిపోయిందని చెప్పేస్తాను. ఏడుస్తూ చెబుతాను, నాకు ఏడవడం బాగా వచ్చు. దాన్ని వెనక బెంచీలో కూర్చోబెట్టు. తువ్వాలు నాకిప్పించు. తర్వాత నన్ను క్షమించు. ఆదివారం తర్వాత క్షమించు ప్రభువా, అంతకుముందు వద్దు!"

చూరు నుంచి నీటిచుక్కలు పడే చప్పుడు వినిపించింది. సెనోబియాకు అప్పుడు అనుమానం వచ్చి ముసుగు తీసింది.

అందరూ ఆమెనే చూస్తున్నారు. పాస్టరమ్మ చేతిలో గంట అలాగే ఉంది. తొమాసా నోరు తెరుచుకుని ఉంది గాని, ఆ నోట్లోంచి పుట్టిన తర్వాత మొదటిసారి మాట రావడం లేదు. మరిసేలా రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

యనీరా లేచి నిలబడింది. ముఖం పాలిపోయింది.

"నిజమే పాస్టరమ్మా. ఆ రోజు తాగాను. నేనే వచ్చి ఒప్పుకోవాల్సింది. ధైర్యం చాలలేదు."

తర్వాత సెనోబియా వైపు తిరిగింది. కళ్లలో నీళ్లున్నాయి, కోపమూ ఉంది.

"అక్కా, ఒక్క మాట అడిగి ఉంటే తువ్వాలు నీకే ఇచ్చేదాన్ని. నీ కూతురే కదా. అడిగితే నీ సొమ్మేం పోయేది?"

భూమి నోరు తెరిచి తనను మింగేస్తే బాగుండునని సెనోబియా అనుకుంది. భూమి ఆ పని చేయలేదు. సెనోబియా మోకాళ్ల మీద ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది.

పాస్టరుగారు సాయంత్రం ఇద్దరినీ పిలిపించారు. ఎక్కువ మాట్లాడలేదు. యనీరాకు మూడు నెలలు వెనక బెంచీ. సెనోబియాకు కూడా మూడు నెలలు.

"తాగింది ఆమె. కానీ కూలిపోయిన దాన్ని లేపిన చేత్తోనే మళ్లీ తొయ్యాలనుకున్నావు నువ్వు. ఏది చిన్నదో నాకు తెలియడం లేదమ్మా. ఆదివారం తువ్వాలు నొయేమీ పడుతుంది."

ఆదివారం ఎండ కాసింది. రెండు లారీల్లో జనం నదికి వెళ్లారు. నది దగ్గర వెనక బెంచీ ఉండదు కాబట్టి శిక్షలో ఉన్నవాళ్లు పైన రోడ్డు మీదే, లారీ పక్కన నిలబడాలి. సెనోబియా, యనీరా అక్కడ నిలబడ్డారు. బుధవారం నుంచి ఇద్దరి మధ్య మాటల్లేవు. సెనోబియా చంకలో సంచి ఉంది. సంచిలో తువ్వాలు ఉంది. ఎందుకు తెచ్చిందో ఆమెకూ తెలియదు. ఇంట్లో ఒంటరిగా వదిలి రాబుద్ధి కాలేదు.

కింద మరిసేలా తెల్లబట్టల్లో నీళ్లలోకి దిగింది. యనీరా వెక్కి వెక్కి ఏడ్వడం మొదలుపెట్టింది. 'నా కూతురు దిగుతుంటే ఇది ఏడవడమేమిటి?' అనుకుంది సెనోబియా. తనకు ఇంకా ఏడుపు రాలేదు, ముందు యనీరాకు వచ్చింది. దాని మీద కూడా కుళ్లే. వెనక బెంచీ ఎక్కించినా చావలేదు ఆ కుళ్లు.

పాస్టరుగారు ముంచి లేపారు. పాట మొదలైంది. ఒడ్డున పాస్టరమ్మ తువ్వాలు విప్పి పట్టుకుంది. మరిసేలా ఆమె దగ్గర ఆగి, ఏదో చెప్పి, తువ్వాలు తీసుకోకుండానే గట్టు ఎక్కడం మొదలుపెట్టింది. ఉత్త కాళ్లతో, నీళ్లు కారుతూ, రాళ్ల మీద జారుతూ. పాస్టరుగారు ఏదో అనబోతే పాస్టరమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. పాట తడబడి ఆగిపోయింది.

మరిసేలా వచ్చి ఆ ఇద్దరి ముందు నిలబడింది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఎవరి వైపూ చూడలేదు. ఎవరి పేరూ చెప్పలేదు.

సెనోబియా సంచిలోంచి తువ్వాలు తీసి విప్పింది. కలరా ఉండల వాసన గుప్పుమంది. పన్నెండేళ్లుగా ఈ పిల్ల కోసం దాచిన వాక్యం గొంతులోకి వచ్చేసింది. నోరు తెరిచింది. అప్పుడు చూసింది కూతురి భుజాలను. రెండూ దగ్గరికి ముడుచుకున్నాయి, చీపురు ఎత్తినప్పుడు చిన్నపిల్ల ముడుచుకున్నట్టు.

సెనోబియా నోరు మూసుకుంది. తువ్వాలును యనీరా చేతుల్లోకి తోసింది.

"పట్టు."

"అక్కా, నేను శిక్షలో ఉన్నాను కదా..."

"నేను మాత్రం బయట ఉన్నానా? రోడ్డు మీద తల తుడిస్తే పరిచర్య అవదులే. పట్టు! గట్టిగా తుడువు, దాని జుట్టు ఓ పట్టాన ఆరదు. చెవుల వెనక కూడా. చిన్నప్పటి నుంచీ దానికి చెవిపోటు."

యనీరా తుడిచింది. తల తుడిచింది, చెవుల వెనక తుడిచింది, భుజాల చుట్టూ కప్పింది. కప్పి, ఆగి, సెనోబియా వైపు చూసింది.

"వాక్యం చెప్పాలక్కా. ఏం చెప్పను?"

కింద ఒడ్డున జనమంతా తలలెత్తి చూస్తున్నారు. సెనోబియా మింగిన వాక్యం ఇంకా గొంతులోనే అడ్డం పడి ఉంది.

"నా దగ్గర ఒకటి ఉంది. ఎప్పుడో దాచాను" అంది. "ఇప్పుడు దీనికి సరిపోతుందో లేదో... నాకు తెలియదు."

మరిసేలా తల ఎత్తింది. తల్లి ముఖంలోకి, ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది. ముడుచుకున్న భుజాలు వదులయ్యాయి.

"అమ్మా," అంది. "చలేస్తోందే."

సెనోబియా కూతుర్ని గుండెలకు హత్తుకుంది. మధ్యలో యనీరా చేతులు ఇరుక్కున్నాయి, తీసుకోవడానికి వీలు కాలేదు, ఎవరూ తీయమనలేదు. కూతురి భుజం మీద గడ్డం ఆనించి ఏడుస్తూ ఏడుస్తూ సెనోబియా అప్పుడు గమనించింది. యనీరా తువ్వాలును తిరగేసి కప్పింది. ద్రాక్షతీగ అంతా లోపలి వైపు పోయింది, బయటికి ఒక్క ఆకు కూడా కనపడటం లేదు. సెనోబియాకు ఒళ్లు భగ్గుమంది. ఏమీ అనలేదు.